ఈ అంకె ఏ తల్లి బిడ్డ?

మదనపల్లె, పుంగనూరు, వెంకటగిరికోట, కుప్పం ప్రాంతాల పల్లెల్లో పట్టుపురుగులు పెంచే ఇళ్ళు చాలా ఉన్నాయి. మీలో కొందరి ఇళ్ళలోనే తట్టల నిండా పురుగులు మల్బరీ ఆకు నములుతూ ఉండవచ్చు. రాత్రిపూట ఆ చప్పుడు వింటే బయట చినుకులు పడుతున్నాయేమో అనిపిస్తుంది. ఆ పురుగులు వచ్చిన గుడ్లను ఎప్పుడైనా చూశారా? ఆవగింజ కంటే చిన్నవి. ఒక గుడ్డుకూ ఇంకో గుడ్డుకూ తేడా కనిపించదు. అన్నీ ఆరోగ్యంగానే ఉన్నట్టుంటాయి. కాని వాటిలో రోగం ఉన్న గుడ్లు కలిస్తే మేపిన ఆకూ, పడిన కష్టమూ మట్టిపాలే.

పెబ్రిన్ అనే రోగం అలాంటిది. నూరేళ్ళకు పైగా వెనక్కి వెళితే, 1865లో, ఫ్రాన్సు దేశపు దక్షిణ ప్రాంతాల్లో పట్టు పరిశ్రమ ఈ రోగంతో కుప్పకూలుతున్నది. దాని సంగతి తేల్చమని లూయీ పాశ్చర్‌ను పంపారు. ఆయన అంతకుముందు పట్టుపురుగును ముట్టుకున్నవాడు కాడు. అయిదేళ్ళ పాటు శ్రమపడి ఒక ఉపాయం చెప్పాడు. రోగం తల్లి నుంచి గుడ్డుకు వస్తుంది. గుడ్డును చూస్తే తెలియదు, తల్లిని చూస్తే తెలుస్తుంది. కాబట్టి ప్రతి తల్లి చిలుక చేతా విడివిడిగా గుడ్లు పెట్టించండి. ఏ తల్లి గుడ్లు ఏవో కలిసిపోకుండా ఉంచండి. తరువాత ఆ తల్లిని నూరి ఆ రసాన్ని సూక్ష్మదర్శినిలో చూడండి. రోగకణాలు కనిపిస్తే ఆమె గుడ్లన్నీ తీసి పారవేయండి. అంతే. నేటికీ గుడ్ల ఉత్పత్తి కేంద్రాల్లో జరిగే పరీక్షకు మూలం ఇదే.

ఇందులో రెండు పనులున్నాయి, గమనించండి. ఒకటి, గుడ్డు నుంచి వెనక్కి నడిచి తల్లిని పట్టుకోవడం. రెండు, తల్లి నుంచి ముందుకు నడిచి ఆమె గుడ్లన్నిటినీ పట్టుకోవడం. ఈ రెండు దారుల్లో ఏది తెగినా ఉపాయం పనిచేయదు. గుడ్లన్నీ ఒకే బుట్టలో కలిపేస్తే పాశ్చర్ కూడా చేయగలిగింది ఏమీ లేదు.

పట్టుపురుగుల సంగతి ఇంత చెప్పడం ఎందుకంటే, ఇంజనీర్లు కంప్యూటర్లలో వేసే లెక్కలకు సరిగ్గా ఇదే చిక్కు ఉంది. అంకెలు కూడా గుడ్ల వంటివే. చెడ్డ అంకె ముఖం చూసి చెడ్డదని చెప్పలేం.

ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక లోతైన బావిలోకి రాయి వదిలాం. గాలి సంగతి మరిచిపోదాం. భూమి ఆకర్షణ వల్ల రాయి వేగం సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతూ పోతుంది. 2 సెకన్లలో అది ఎంత దూరం పడుతుంది? పెద్ద తరగతుల వాళ్ళు సూత్రం వేసి 19.6 మీటర్లని చెప్పేస్తారు. కాని రాకెట్టు వంటి వాటికి ఇంత తేలిక సూత్రం ఉండదు. అందుకని కంప్యూటరు కాలాన్ని చిన్న చిన్న అంగలుగా విడగొట్టి, ఒక్కొక్క అంగా వేసుకుంటూ నడుస్తుంది. మనం కూడా అలాగే చేద్దాం. అంగ మొదట్లో ఎంత వేగం ఉందో, ఆ అంగ పూర్తయ్యేదాకా అదే వేగం ఉంటుందని అనుకుందాం.

అంగ అరసెకను అనుకోండి. మొదటి అంగలో వేగం 0. రెండోదానిలో 4.9. మూడోదానిలో 9.8. నాలుగోదానిలో 14.7. అన్నీ కలిపితే 29.4. దాన్ని అరసెకనుతో గుణిస్తే 14.7 మీటర్లు. ఇప్పుడు అంగ ఒక సెకను పెట్టి చూడండి: 9.8 మీటర్లే వస్తుంది! పావు సెకను పెడితే 17.15. సెకనులో పదో వంతు పెడితే 18.62. అంగ చిన్నదయ్యేకొద్దీ జవాబు 19.6కు దగ్గరవుతుంది.

అదే రాయి, అదే బావి, అదే పద్ధతి. జవాబులు నాలుగు. ఇప్పుడు మీ స్నేహితుడి నోటుబుక్కులో "రాయి పడిన దూరం 14.7 మీటర్లు" అని మాత్రమే రాసి ఉందనుకోండి. అది మంచి లెక్కా, చెడ్డ లెక్కా? చెప్పలేం. పక్కన "అంగ 0.5 సెకను, ఆకర్షణ 9.8, కాలం 2 సెకన్లు, అంగ మొదటి వేగమే తీసుకున్నాను" అని ఉంటే వెంటనే అర్థమవుతుంది. ఇంకొకడు 9.8 బదులు సులువని 10 వేసుకుంటే అదే అరసెకను అంగకు 15 వస్తుంది. 14.7నూ 15నూ పక్కపక్కన చూసి, తేడా అంగ వల్ల వచ్చిందా, ఆకర్షణ వల్ల వచ్చిందా అని ఇద్దరూ ఒక పూటంతా తగువులాడుకోవచ్చు.

ఇలా యంత్రాన్నీ, కట్టడాన్నీ కట్టకముందే దాని నడకను లెక్కలతో నడిపించి చూడటాన్ని అనుకరణ అంటారు, ఇంగ్లీషు మాటలో సిమ్యులేషన్. మన బావి లెక్కలో నాలుగంకెలుంటే, రాకెట్టు అనుకరణలో లక్షలు, కోట్లు ఉంటాయి. పదుల సంఖ్యలో బృందాలు, ఏళ్ళ తరబడి పని. ఈరోజు వేసిన లెక్కకు మూడేళ్ళ కిందటి ఎవరిదో కొలత ఆధారం. ఆ మనిషి ఇప్పుడు వేరే ఊళ్ళో ఉండవచ్చు.

అంగ పెద్దదైతే ఏమవుతుందో నార్వే దేశం వాళ్ళు చాలా ఖరీదు పెట్టి చూశారు. సముద్రం అడుగున గాస్ తీయడానికి స్లైప్నర్ ఎ అనే వేదికను కట్టారు. దాని కింది భాగం 24 కాంక్రీటు గదుల గుత్తి. నీటి ఒత్తిడికి గోడలు నిలుస్తాయా అని కంప్యూటరులో లెక్క కట్టారు. మనం కాలాన్ని అంగలుగా కోసినట్టే, వాళ్ళు గోడను గళ్ళుగా కోశారు. కాని మూడు గోడలు కలిసే కీలకమైన మూలల్లో గళ్ళు పెద్దవిగా, వంకరగా పడ్డాయి. అక్కడ గోడను కోసే బలాన్ని కంప్యూటరు ఉండవలసినదాని కంటే 47 శాతం తక్కువగా చూపించింది. ఆ అంకెను నమ్మి ఇనుము తక్కువ వేశారు. 1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గరి సముద్రపు పాయలో వేదికను నీటిలోకి దించి పరీక్షిస్తుండగా ఒక గోడ పగిలింది. నీరు లోపలికి దూసుకువచ్చింది. అంత కట్టడమూ మునిగి అడుగున ముక్కలైపోయింది. అందులో ఉన్నవాళ్ళంతా బతికి బయటపడటం ఒక్కటే అదృష్టం. తరువాత గళ్ళు చిన్నవి చేసి మళ్ళీ లెక్క వేస్తే 62 మీటర్ల లోతులో గోడ పగులుతుందని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర! అంటే కంప్యూటరుకు లెక్క చేతకాక కాదు. తొలి అంకె వెనుక ఎలాంటి గళ్ళున్నాయో ఎవరూ సరిగా వెనక్కి వెళ్ళి చూడలేదు, అంతే.

ఇక మన దేశానికి వద్దాం. వెంకటగిరికోటకు ఈశాన్యంగా, సముద్రపు ఒడ్డున శ్రీహరికోట ఉంది. ఇప్పుడది తిరుపతి జిల్లాలోది, 2022కు ముందు నెల్లూరు జిల్లాలోది. 1993 సెప్టెంబరు 20న అక్కడి నుంచి పి.ఎస్.ఎల్.వి. అనే రాకెట్టును మొట్టమొదటిసారి వదిలారు. 44 మీటర్ల పొడవు, నాలుగు అంచెలు. అంత ఖరీదైన వస్తువును "ఒకసారి ఎగరేసి చూద్దాం, పోతే ఇంకోటి" అనుకోవడానికి వీల్లేదు కదా. అందుకే ఎగరకముందే దాన్ని కంప్యూటర్లలో ఎన్నోసార్లు ఎగరేసి చూస్తారు. ఆరోజు రెండో అంచె విడిపోయేటప్పుడు రాకెట్టు అనుకున్నదానికంటే బాగా ఎక్కువగా ఊగింది. ఊగినప్పుడు సరిదిద్దవలసినది అందులోని కంప్యూటరు. దాని ఆదేశాల్లో ఒక పొరపాటు దాగి ఉంది. అది ఎప్పుడూ బయటపడేది కాదు. సరిదిద్దమని ఇచ్చే ఆజ్ఞ గరిష్ఠ హద్దును దాటినప్పుడు మాత్రమే బయటపడుతుంది. ఆరోజు దాటింది. రాకెట్టు కక్ష్యను చేరలేదు, దానితోపాటు ఐ.ఆర్.ఎస్. 1ఇ అనే ఉపగ్రహమూ పోయింది.

మామూలు ఊపులు పెట్టి వెయ్యిసార్లు అనుకరణ చేసినా ఈ పొరపాటు కనపడదు. హద్దు దాటే ఊపు పెట్టి ఒక్కసారి చేస్తే కనపడుతుంది. కాబట్టి "ఇన్నిసార్లు పరీక్షించాం, అన్నిటిలో నెగ్గింది" అనే మాటకు విలువ తక్కువ. ఏయే ఊపులు పెట్టి, ఏ కూర్పు మీద పరీక్షించారో కాగితం మీద ఉంటేనే "ఈ గడి ఖాళీగా ఉందే, ఇక్కడ చూడలేదే" అని ఎవరైనా వేలుపెట్టి చూపగలరు. మన శాస్త్రజ్ఞులు లోపాన్ని వెతికి పట్టుకుని సరిచేశారు. 1994 అక్టోబరు 15న రెండో పి.ఎస్.ఎల్.వి. ఉపగ్రహాన్ని చక్కగా కక్ష్యలో పెట్టింది. ఆ తరువాత ఆ రాకెట్టు ఎంత పేరు తెచ్చుకున్నదో మీకు తెలుసు.

కూర్పు అన్నాను కదా. పుస్తకాలకు మొదటి కూర్పు, రెండో కూర్పు అని ఉంటాయి చూడండి, లెక్కలకూ అలాగే ఉంటాయి. పాత కూర్పును కొత్త యంత్రానికి తగిలిస్తే ఏం జరుగుతుందో ఐరోపా వాళ్ళ అరియాన్ 5 రాకెట్టు చూపింది. అరియాన్ 4లో ఎన్నోసార్లు నమ్మకంగా పనిచేసిన దిశ చూపే పరికరాన్ని, అందులోని ఆదేశాలతో సహా తెచ్చి అరియాన్ 5లో పెట్టారు. కొత్త రాకెట్టు మొదట్లోనే పాతదానికంటే పక్కవాటు వేగం ఎక్కువగా అందుకుంటుంది. ఆ వేగానికి సంబంధించిన ఒక సంఖ్యను 16 బిట్ల గడిలో ఇరికించాలి. ఆ గడిలో 32,767 కంటే పెద్ద సంఖ్య పట్టదు. 1996 జూన్ 4న రాకెట్టు లేచిన తరువాత సుమారు 30 సెకన్లకు ఆ సంఖ్య గడి దాటింది. పరికరం పనిమానేసింది. తోడుగా పెట్టిన రెండో పరికరంలోనూ అవే ఆదేశాలు, అదీ ఆగిపోయింది. రాకెట్టు పక్కకు తిరిగి పేలిపోయింది. విచారణ సంఘం తేల్చిన సంగతి ఏమిటంటే, అరియాన్ 5 నడిచే దారికి సంబంధించిన అంకెలను ఆ పరికరపు నిర్దేశాల్లో చేర్చనే లేదు. ఇంకో విచిత్రం: ఆ లెక్క అరియాన్ 5 లేచిన తరువాత ఎందుకూ అవసరం లేదు! ఎందుకుందో అడిగినవారు లేక అలా ఉండిపోయింది.

మూడేళ్ళ తరువాత, 1999 సెప్టెంబరు 23న, అమెరికా వాళ్ళ అంగారక నౌక ఒకటి కొలమానం తేడాతో పోయింది. ఒక జట్టు పౌండ్లలో అంకెలు పంపింది, వేరొక జట్టు అవి న్యూటన్లనుకుంది. ఒక పౌండు బలం 4.45 న్యూటన్లకు సమానం. అంకె ఇంటిపేరు పోగొట్టుకుందన్నమాట.

ఇలా కాకుండా ఉండాలంటే ఏం చేయాలి? కొత్త ఉపాయమేమీ కాదు. మన పాత షావుకారు కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏరోజు జరిగింది ఆరోజు వరసగా చిట్టాలో రాస్తారు. ఆవర్జాలో ఒక్కొక్కరి పద్దు వేరుగా ఉంటుంది, ప్రతి పద్దు పక్కనా అది చిట్టాలో ఏ పుట నుంచి వచ్చిందో వేస్తారు. ఎవరైనా "నా పేర ఇంత బాకీ ఎలా వచ్చింది?" అని అడిగితే పుట తిప్పి చూపడమే. పొరపాటు పడితే చెరపడం పనికిరాదు. గీత కొట్టి, కింద కొత్తది రాస్తారు. కొట్టేసిన అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలి. చెరిపిన లెక్కను ఎవరు నమ్ముతారు?

ఇంజనీర్లూ అదే చేస్తారు. ప్రతి ఫలితానికీ ఒక జాబితా తగిలిస్తారు: ఏ చిత్రపటం, ఎన్నో కూర్పు, ఏ లోహం గుణాలు, ఏ పరీక్షలో కొలిచినవి, గళ్ళ పరిమాణం ఎంత, ఏ ప్రోగ్రాము, అదెన్నో కూర్పు, ఎవరు నడిపారు, ఎప్పుడు, ఎవరు సరిచూశారు. అందరూ ఒప్పుకుని ఖాయపరచిన కూర్పును ఆ తరువాత ఎవరూ ముట్టుకోకూడదు. మార్చాలంటే ఒక కాగితం పెట్టుకోవాలి: ఏం మార్చాలి, ఎందుకు, దానివల్ల ఏయే లెక్కలు పాతబడతాయి? ఆ చివరి ప్రశ్నే అన్నిటికంటే కష్టం. నా దృష్టిలో మిగిలినదంతా గుమాస్తా పని, తెలివి అవసరమైనది ఇక్కడే.

రాకెట్టుకు రంగు వేయాలా వద్దా అనేది చాలా చిన్న సంగతి అనుకుంటాం. అమెరికా వాళ్ళ అంతరిక్ష షటిల్‌కు ఉండే పెద్ద ఇంధనపు తొట్టికి 1981లో మొదటి రెండు ప్రయాణాల్లో తెల్లరంగు పూశారు. 1982లో మూడో ప్రయాణం నుంచి మానేశారు. సుమారు 270 కిలోల బరువు తగ్గింది! బరువు తగ్గితే వేగం లెక్క మారుతుంది, దారి మారుతుంది. రంగు డబ్బా నుంచి బయలుదేరిన మార్పు ఎన్ని పుటలు తిప్పిస్తుందో చూడండి.

మన చంద్రయాన్ కథలో ఈ పని ఎంత పెద్దదో తెలుస్తుంది. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 దిగే నౌక విక్రమ్ చంద్రుడి మీద కూలిపోయింది. ఇంజన్లు అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువ బలంతో తోశాయి, తేడాలు పోగుపడ్డాయి, వాటిని సరిదిద్దడానికి కావలసినంత చురుకుగా తిరిగే స్వేచ్ఛ నౌకకు లేదు, దిగడానికి ఇచ్చిన స్థలమూ 500 మీటర్ల చదరం మాత్రమే. ఇదంతా వెనక్కి నడిచి తెలుసుకున్నదే. నౌక పంపిన అంకెలను అనుకరణలోని అంకెల పక్కన పెట్టి, ఎక్కడ విడిపోయాయో చూడటం. ఆ అనుకరణ ఏ కూర్పో, దానిలో ఇంజను బలం ఎంత అనుకున్నారో రాసి ఉండకపోతే దేనితో పోల్చేది?

తరువాత ముందుకు నడక. చంద్రయాన్-3లో అయిదు ఇంజన్లకు బదులు నాలుగు పెట్టారు, నడిమిది తీసేశారు. కాళ్ళను గట్టిపరిచి సెకనుకు 3 మీటర్ల వేగంతో దిగినా తట్టుకునేట్టు చేశారు. ఇంధనం పెంచారు. వేగాన్ని లేజరుతో కొలిచే కొత్త పరికరం చేర్చారు. దిగే స్థలాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చేశారు. ఇప్పుడు ఆలోచించండి: నడిమి ఇంజను తీస్తే ఏయే పాత లెక్కలు చెల్లవు? బరువు చెల్లదు. బరువు కేంద్రం చెల్లదు. అదురు చెల్లదు. దిగేటప్పుడు లేచే దుమ్ము లెక్క చెల్లదు. కాలు మందం పెంచితే మళ్ళీ బరువు. బరువుతో ఇంధనం, ఇంధనంతో మళ్ళీ బరువు! రోగం ఉన్న తల్లి గుడ్లను ఏరినట్టు, పాతబడిన ప్రతి ఫలితాన్నీ ఏరి పక్కన పెట్టి కొత్తగా లెక్క వేయాలి. ఒక్కటి పొరపాటున మిగిలిపోయినా అది మంచిదానిలాగే కనిపిస్తుంది. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో మెత్తగా దిగింది.

ఇంకొక్క సంగతి. లక్ష అంకెలున్న జాబితాలో ఎవరో తెలియక ఒక అంకె మార్చితే ఎలా కనిపెట్టడం? దీనికి కంప్యూటర్లలో జాబితాకు వేలిముద్ర తీసినట్టు ఒక సంఖ్య తీస్తారు. మన బావి లెక్కలో 9.8, 2, 0.5 అనే విలువలను చుక్కలు వదిలేసి, 0.5 ముందరి సున్నా మాత్రం వదలకుండా అంకెలుగా తీసుకోండి: 9, 8, 2, 0, 5. వట్టిగా కూడితే 24. ఎవరైనా 9.8ని 8.9గా తారుమారు చేస్తే? మళ్ళీ 24 వస్తుంది, దొంగ దొరకలేదు. ఇప్పుడు మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 2తో, ఇలా స్థానంతో గుణించి కూడండి. 9, 16, 6, 0, 25 కలిపితే 56. తారుమారు చేసినది 57. దొరికాడు! పుస్తకాల వెనుక ఉండే ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యలో చివరి అంకె ఇలాంటి కాపలాదారే. ఇంజనీర్లు వాడే వేలిముద్రలు చాలా పొడవైనవి. కోటి అక్షరాల్లో ఒక్కటి మారినా ముద్ర మొత్తం మారిపోతుంది.

ఇక మీ పని. పైన చెప్పిన బావి లెక్కను 0.4 సెకను అంగతోనూ, 0.05 సెకను అంగతోనూ చేయండి. రెండోదానికి 40 వరసలు వస్తాయి, ఓపిక పట్టండి. లేదా ముందు వచ్చిన నాలుగు జవాబులూ 19.6కు ఎంతెంత తక్కువగా ఉన్నాయో రాసుకుని చూడండి, ఒక చక్కని వరస దొరుకుతుంది, దానితో రెండు నిమిషాల్లో అయిపోతుంది. అది దొరికాక ఈ చిక్కు విప్పండి. ఒక పాత నోటుబుక్కులో "17.64 మీటర్లు" అని ఉంది. ఆకర్షణ 9.8, కాలం 2 సెకన్లు అని ఉంది కాని, అంగ రాసిన చోట చెదలు తిన్నాయి. ఆ అంగ ఎంత? పక్క పుటలో "18 మీటర్లు" అని ఉంది. అక్కడ కాలం ఒక్కటే మిగిలింది, 2 సెకన్లు; అంగా లేదు, ఆకర్షణా లేదు. రాసినవాడు 9.8 వాడాడా, 10 వాడాడా? 2 సెకన్లను సమానమైన అంగలుగా విడగొట్టాడు అన్న ఒక్క సంగతితో అది తేలుతుందేమో చూడండి.